మన వెనకడుగుకు ‘దేవుని చిత్తం’ అని పేరా?

సంపాదకులకు నమస్కారం.

మేం క్రైస్తవులం రోజూ వాడే మాట ఒకటుంది, ‘దేవుని చిత్తం’. మంచి మాటే, కానీ ఈ మధ్య దాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడేస్తున్నాం. సంఘంలో ఒక బాధ్యత ఒప్పుకుని నాలుగు నెలలకే మానేస్తే ‘దేవుని చిత్తం కాదేమోనండీ’, ఇచ్చిన మాట తప్పితే ‘ప్రభువు ఆ తలుపు మూసేశాడు’. ఆ తలుపు మూసింది చాలాసార్లు మనమే.

ఊరందరినీ అనేముందు నా సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెబుతానని సంఘమంతటి ముందూ ఒప్పుకున్నాను. మొదట్లో మహా ఉత్సాహం, తర్వాత ఆఫీసు పని, టెన్షన్, శనివారం రాత్రి పాఠం చూసుకోవడానికి బద్ధకం, చివరికి ఒకరోజు పాస్టరుగారి దగ్గరికెళ్లి ‘దేవుడు నన్ను వేరే పరిచర్యకు నడిపిస్తున్నాడండీ’ అన్నాను. ఆయన పాపం ప్రార్థన చేసి పంపించారు. ఆ వేరే పరిచర్య ఏమిటో నాకు ఈరోజుకీ తెలియదు.

అప్పటినుంచి బైబిల్లోని రూతు గ్రంథం చదివినప్పుడల్లా సిగ్గేస్తుంది. ఉన్నది నాలుగే అధ్యాయాలు. దేవదూత కనిపించడు, కల రాదు, సముద్రం చీలదు. భర్త పోయిన ఒక పరదేశి కోడలు తన అత్తకు ‘నీ వెంటే ఉంటాను’ అని మాట ఇచ్చింది, అంతే, ఆ మాట కోసం మర్నాటి తిండి కూడా తెలియని ఊరికి వచ్చి కోతగాళ్ల వెనకాల పరిగె ఏరుకుంది. అది తర్వాత తనను పెళ్లి చేసుకోబోయే బోయజు పొలమని ఆమెకు తెలియదు. తన మునిమనవడు దావీదు రాజవుతాడని అసలే తెలియదు. ఆ సాయంత్రం ఆమెకు తెలిసిందల్లా, ఇంట్లో అత్త నయోమి ఎదురుచూస్తోంది, ఈ యవలు దులిపి తీసుకెళ్లాలి. దేవుని ఏర్పాటు అంటే చదివే మనకు కనిపిస్తోంది గానీ, నడుం వంచి ఏరుకుంటున్న ఆమెకు కాదు.

యోసేపుదీ అదే కథ. 17 ఏళ్లవాడిగా ఉన్నప్పటి సంగతులతో మొదలై, సొంత అన్నల చేతే అమ్ముడుపోయి, చెరసాలలో పడి, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేసరికి 30 ఏళ్లు. మధ్యలో చెరసాలలో తనతో ఉన్న పానదాయకుల అధిపతికి, అంటే రాజుకు పానీయం అందించేవాళ్ల పెద్దకు, ‘నన్ను జ్ఞాపకం చేసుకో’ అని చెప్పుకున్నాడు కూడా, అది అవిశ్వాసమని ఎవరూ అనలేదు. అతను మరిచిపోయాడు, రెండేళ్లు గడిచాయి. ‘మీరు కీడు తలపెట్టారు, దేవుడు మేలుకే ఉద్దేశించాడు’ అనే మాట యోసేపు నోట వచ్చింది తండ్రి చనిపోయాక, అన్నలతో, అదీ తన గాయం గురించి. అదే మాట చెరసాలలో ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి అతనికి చెప్పుంటే ఎలా ఉండేది? మనం మాత్రం శవం ఇంకా ఇంట్లో ఉండగానే వెళ్లి ‘అంతా దేవుని ప్రణాళిక’ అని చెప్పి వస్తాం. దయచేసి మానండి. పక్కన కూర్చుంటే చాలు.

ఇక యిర్మీయా 29:11 గురించి ఒక్క మాట. ‘సమాధానకరమైన ఉద్దేశములు’ అని ఫోన్ స్టేటస్‌లో పెట్టుకునేవాళ్లు పై వచనం కూడా చదవాలి, అక్కడ 70 ఏళ్లు అని ఉంది. బబులోనుకు చెరగా వెళ్లిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో ఎక్కువమంది బబులోనులోనే కన్నుమూయాలి. మరి వాళ్లకు దేవుడు ఏం చెప్పాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోరి ప్రార్థన చేయండి. వాగ్దానం వాళ్ల మనవల కాలానికి, పని మాత్రం ఆ రోజుకి. మన స్టేటస్‌లో ఈ పని భాగం ఎప్పుడూ కనిపించదు, ఎందుకో.

పోయిన నెల పాస్టరుగారి దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి నడిపింపు గురించి ఏమీ చెప్పలేదు, అప్పుడు బద్ధకంతో మానేశానని ఒప్పుకున్నాను. ఆయన నవ్వి చిన్నపిల్లల క్లాసు అప్పగించారు. ఈ ఆదివారం పాఠం రూతు గురించే. ఇంకా చూసుకోలేదు, ఈ ఉత్తరం పోస్టు చేసి కూర్చోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు