మూడు పాటలు తీసి తప్పుకుంటాం, ముందు చోటు చూపించండి

సంపాదకుల వారికి,

గత ఆదివారం ఈ శీర్షికలో అచ్చయిన ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. బీచ్ రోడ్డులో జరిగిన సంగీత విభావరికి ఇంటిల్లిపాదీ వెళ్తే, పాడేవాళ్ళ మొహాల కంటే ఫొటోగ్రాఫర్ల వీపులే ఎక్కువ కనిపించాయని ఆయన బాధపడ్డారు. ఆ వీపుల్లో ఒకటి నాది. పన్నెండేళ్ళుగా విశాఖలో కచేరీలు, సినీ పాటల విభావరులు, కాలేజీ బ్యాండ్లు ఫొటోలు తీస్తున్నాను. (ముహూర్తాలున్న రోజుల్లో పెళ్ళిళ్ళు తీస్తాను. ఇంటి అద్దె కట్టేవి అవే.) ఆయన కోపం న్యాయమే. "అసలు వీళ్ళను స్టేజీ దరిదాపులకు రానివ్వకూడదు" అన్నారు చూడండి, అక్కడే నా అభ్యంతరం.

మా మెడలో ఒక పాస్ వేస్తారు. ఎక్కడ నిలబడాలో మాత్రం ఎవరూ చెప్పరు. ముందు వరస సోఫాలు స్టేజీకి దాదాపు ఆనించి వేస్తారు. సోఫాల ముందు టీపాయ్‌లు, వాటి మీద నీళ్ళ సీసాలు, జీడిపప్పు ప్లేట్లు. ఇక మిగిలేది సబ్‌వూఫర్‌కీ (అడుగు ధ్వనులు మోగించే పెద్ద స్పీకరు) సోఫాకీ మధ్య ఒక జానెడు సందు. అందులో నేను, మరో ఐదారుగురు ఫొటోగ్రాఫర్లు, రెండు వీడియో కెమెరాలు, తల మీంచి ఊగే జిమ్మీ (పొడుగాటి క్రేనుకు కట్టిన కెమెరా). ముఖ్య అతిథి రాగానే సెల్‌ఫోన్లు పట్టుకుని వచ్చే ముప్ఫై మంది అనుచరులు వీటికి అదనం. వాళ్ళు వచ్చినంత తొందరగా వెళ్ళరు. వెనకాల కూర్చున్నవాళ్ళకు ఎవరు ఫొటోగ్రాఫరో ఎవరు అనుచరుడో తెలియదు కాబట్టి తిట్లన్నీ కలిపి మాకే పడతాయి. ఒకసారి ఒక పెద్దాయన నా భుజం తట్టి, "ఏటి బాబూ, నీ వీపు చూడ్డానికా ఇంత దూరం వచ్చినాం?" అన్నాడు. గొంతుక్కూచున్నాను. మోకాళ్ళు పట్టేశాయి. రెండు పాటల తర్వాత లేవబోతే కాలు తగిలి స్టేజీ అంచున మానిటర్ స్పీకర్ వైరు ఊడిపోయింది. చరణం మధ్యలో గాయకురాలికి తన గొంతు తనకు వినపడకుండా పోయింది. ఆవిడ డ్రమ్మర్ చేతుల వంక చూస్తూ పాట లాక్కొచ్చేసింది. ఆ తప్పు నాది, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. నాలుగడుగుల ఖాళీ ఉండుంటే జరిగేది కాదని కూడా తెలుసు.

"దూరంనుంచి తీసుకోవచ్చు కదా, ఇప్పుడు ఫోన్లలో చంద్రుడే కనిపిస్తున్నాడు" అంటారు. చంద్రుడు కదలడు, మైకు పట్టుకోడు. పాడే మనిషి ఆగడు. ఆ మనిషి కదలిక నిలవాలంటే షట్టర్ సెకనులో 250వ వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉండకూడదు. వెలుగేమో షార్పీలదీ (సన్నటి వెలుగు కిరణం వేసే స్టేజీ దీపాలు) ఎల్ఈడీలదీ. రెప్పపాటులో నీలం, రెప్పపాటులో గులాబీ. ఆ నీలం మరీ గట్టిగా పడితే మొహం మీద గీతలన్నీ కలిసిపోయి ఒక నీలి ముద్ద మిగులుతుంది. వెలుగు ఎక్కువగా లోపలికి రానిచ్చే 2.8 లెన్సు పెట్టి, వెలుగును పట్టే శక్తి అయిన ఐఎస్ఓను 3200కో 6400కో పెంచితే గానీ బొమ్మ దక్కదు. ఫ్లాష్ వేస్తే పాడేవాళ్ళ కళ్ళు చెదురుతాయి, పొగ మిషన్ వదిలిన పొగంతా తెల్లగా లేచి లైటింగ్ వాడి కష్టం మట్టిలో కలుస్తుంది. అందుకే ఫ్లాష్ వేసేవాణ్ణి కచేరీ ఫొటోగ్రాఫర్ అనడానికి నాకు నోరు రాదు. ఇక బీచ్ సంగతి. ఏసీ కారులోంచి కెమెరా తీసి నేరుగా ఆ ఉప్పుగాలిలో పెడితే లెన్సుకు ఆవిరి పట్టేస్తుంది. అరగంట ముందే వెళ్ళి సంచీ జిప్పు తీసి కూర్చోవడం మాకు అలవాటు. అలా కూర్చున్నప్పుడే సోఫాలు ఒక్కో వరసా ముందుకు జరగడం చూస్తుంటాను.

ఇంకో సంగతి, ఆ పాఠకుడికి ఆశ్చర్యంగా ఉండొచ్చు. స్టేజీకి అంటుకుని ఉండటం మాకూ ఇష్టం లేదు. ఐదారడుగుల ఎత్తు స్టేజీ కింద నిలబడి తీస్తే వచ్చేవి గడ్డాలూ ముక్కు రంధ్రాలే. కాస్త వెనక్కి, కాస్త పక్కకి ఉంటేనే మైకు అడ్డం లేకుండా నోరు, కళ్ళు దొరుకుతాయి.

పిఠాపురం కాలనీ కళాభారతిలో శాస్త్రీయ సంగీత కచేరీ తీసేటప్పుడు చిక్కు వేరు. అక్కడ అడ్డం రావడం కంటే చప్పుడు పెద్ద నేరం. ఆలాపన సాగుతుంటే పాత కెమెరా అద్దం "టక్" మన్నదంటే ముందు వరసలో పెద్దవాళ్ళు ఒక్కసారిగా తలతిప్పి చూస్తారు. ఆ చూపు కంటే తిట్టు నయం. సైలెంట్ షట్టర్ పెడితే చప్పుడుండదు గానీ, ఎల్ఈడీ వెలుగులో ఫొటో నిండా అడ్డచారలు పడతాయి. అందుకని తని ఆవర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం) దాకా ఓపిక పడతాను. మృదంగం జోరందుకున్నాక ఎన్ని నొక్కినా ఎవరికీ వినపడదు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, రసికుల చూపులు నేర్పింది. విభావరుల్లో జనం వేలల్లో ఉంటారు, చూపులతో పని జరగదు. కాగితం కావాలి.

ఆ కాగితం ఇప్పటికే ఉంది. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 తర్వాత బహిరంగ ప్రదేశాల్లో మోగకూడదు. ఏడాదికి 15 రోజులకు మించకుండా ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. అంటే పెద్ద విభావరి ఏదైనా అధికారుల సంతకం లేకుండా జరగదు. ఆ సంతకం కింద నాలుగు షరతులు చేర్చమని అడుగుతున్నాను. స్టేజీకీ మొదటి వరసకీ మధ్య బారికేడ్ కట్టి నాలుగడుగులు వదలాలి. పాస్‌లు ఆ చోటులో పట్టేంతమందికే ఇవ్వాలి. మొదటి మూడు పాటలు ఫ్లాష్ లేకుండా తీసి, ఆపైన మేమంతా అక్కడినుంచి బయటికి రావాలి. ఆ తర్వాత సౌండ్ వాళ్ళ బల్ల పక్కన అడుగున్నర ఎత్తు అరుగు ఒకటి వేస్తే, పొడుగు లెన్సు పెట్టుకుని అక్కడినుంచి ఎవరికీ అడ్డం లేకుండా తీసుకుంటాం. మూడు పాటలు, ఫ్లాష్ వద్దు అన్నది విదేశాల్లో పెద్ద కచేరీలకు ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. మాకు నష్టమే. గాయకుడికి చెమట పట్టి, జనం కుర్చీల మీంచి లేచే ఘట్టాలు చివర్లోనే కదా వచ్చేది. అయినా ఒప్పుకుంటాను.

ఒక్క సవరణ మాత్రం కావాలి. మన దగ్గర మొదటిది ప్రార్థన గీతం, అది లెక్కలోకి తీసుకోవద్దు. రెండో పాట మధ్యలో ముఖ్య అతిథి వస్తే పాట ఆపి శాలువాలు, జ్ఞాపికలు, ప్రసంగాలు. అవి అరగంట మింగేస్తాయి. అదీ లెక్కలోకి రాకూడదు. పాటలనే పాటలుగా లెక్కపెట్టాలి.

చెవుల మాట కూడా చెప్పాలి. సంగీత వేదికలు, కార్యక్రమాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పెట్టిన ప్రమాణం, 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని. అది ప్రేక్షకుల కోసం. మేం సబ్‌వూఫర్‌కు ఛాతీ ఆనించి పనిచేస్తాం. ఇరవై రూపాయల స్పాంజి బిరడాలు చెవుల్లో పెట్టుకోమంటే కుర్రాళ్ళు నవ్వుతారు. పన్నెండేళ్ళకు నాకు ఎడమ చెవిలో కీచురాయి కాపురం పెట్టింది. వాళ్ళకు రాత్రిళ్ళు అది వినిపించడం లేదు కాబట్టి నవ్వుతున్నారు. మూడు పాటల నియమం మా చెవులకూ మేలే.

మీ పత్రికకు కూడా ఒక మాట. పేరు వేస్తామని చెప్పి నిర్వాహకులు ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకుని, తర్వాత తమ పేరుతో ఫ్లెక్సీల మీదా కరపత్రాల మీదా వేసుకున్న సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ చూస్తే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళది. పైసా ఇవ్వని ఫొటో తీసినవాడిది. మా దగ్గర మాత్రం డబ్బు ఎగ్గొట్టినవాళ్ళకే హక్కు కూడా ఉన్నట్టు నడుస్తోంది. నిర్వాహకులు పంపే కచేరీ ఫొటోలు అచ్చు వేసేముందు, తీసిందెవరని ఒక్క ఫోన్ చేసి అడగండి. బొమ్మ కింద చిన్నక్షరాల్లో ఆ పేరు వేయడానికి సెంటీమీటరు చోటు చాలు.

ఇలా అడుగుతూనే ఈ ఉత్తరం కింద నా పేరు వేయొద్దని కోరుతున్నాను. వచ్చే నెల మళ్ళీ పాస్ కోసం ఆ నిర్వాహకుల దగ్గరికే వెళ్ళాలి.

ఇట్లు,
ఒక ఫొటోగ్రాఫర్,
మద్దిలపాలెం, విశాఖపట్నం