గట్టు తగాదా: స్టేషనుకు వెళ్ళే ముందు ఇది చదువు

చి. సౌ. పద్మజకు,

నాన్న ఆశీస్సులు. పక్క చేను వెంకట్రావు పెదనాన్న గట్టు చెక్కేశాడని నీ కౌలు రైతు సత్తిబాబు ఫోటోలు పంపాడనీ, ఆదివారం వచ్చి స్టేషన్‌లో కాగితం ఇస్తాననీ అన్నావు. రా తల్లీ, కానీ స్టేషనుకు వద్దు. పోలీసులు హద్దులు కొలవరు. సివిల్ తగాదా, కోర్టులో తేల్చుకోండి అని పంపేస్తారు. ఈలోగా పెదనాన్నను స్టేషనుకు పిలిపించారట అన్న మాట ఊరంతా తిరుగుతుంది. అది తిరిగాక, తప్పు తనదేనని లోపల తెలిసినా ఆయన తగ్గలేడు. మాట పడకుండా తగ్గే దారి ఆయనకు ఒకటి మిగల్చాలి. నువ్వు అక్కడ చేయాల్సిన పని అదే, మిగతాది కొలత టేపు చూసుకుంటుంది.

నేనే వెళ్ళి మాట్లాడొచ్చు. కానీ పాసుపుస్తకం నీ పేరున ఉంది. పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం గురించి కూడా తండ్రే మాట్లాడుతుంటే పక్క రైతుకు నువ్వు ఎప్పటికీ ఊరికి చుట్టపుచూపుగా వచ్చే పిల్లవే. నువ్వే వెళ్ళు.

వచ్చే ముందు లెక్క చూసుకో. ఎకరం నలుచదరంగా ఉంటే ఒక పక్క సుమారు 209 అడుగులు. ఆ పొడుగునా గట్టు అడుగు మేర నీ వైపు జరిగిందనుకుందాం. పోయింది 209 చదరపు అడుగులు. సెంటంటే 435.6 చదరపు అడుగులు, అంటే అర సెంటు కూడా పోలేదు. రెండడుగులు జరిగితే సెంటుకు కాస్త తక్కువ. సత్తిబాబు ఫోన్లో 'గట్టంతా కలిపేసుకున్నాడు' అన్నది ఈ లెక్కలో ఎంతో నీకు తెలిసి ఉండాలి. చిన్నదని వదిలెయ్యమనడం లేదు, దాని సంగతి కింద రాస్తాను. కోపం ఎంత పడాలో కొలత తెలిస్తే తెలుస్తుంది.

ఇంకో సంగతి. గట్టు ఒక్క రోజులో జరగదు. సార్వాకు, అంటే ఖరీఫ్ వరికి, ముందు ఎలక బొరియలు, ఎండ్రకాయల కన్నాలు పూడ్చడానికి రెండు పక్కలా గట్టు చెక్కి బురద మెత్తుతారు. ఒక పక్క వాళ్ళు ఏటా రెండు మూడు వేళ్ళ మందం ఎక్కువ చెక్కి, మెత్తడం తక్కువ చేస్తే గట్టు సన్నబడుతుంది. సన్నబడితే నీళ్ళు నిలవవు కాబట్టి రెండో పక్క రైతు తన వైపు బురద మెత్తి బలం చేసుకుంటాడు. అలా నాలుగైదేళ్ళకు గట్టు మొత్తం రెండో వాడి చేలోకి నడిచి వస్తుంది. చెక్కింది పెదనాన్నే కావచ్చు గానీ నీ వైపుకు తెచ్చినదాంట్లో సత్తిబాబు పార కూడా ఉంది. రోటావేటర్ మూల తిరిగేటప్పుడు ట్రాక్టరు డ్రైవరు కొరికేసేది వేరే. 'మీరు కావాలని ఆక్రమించారు' అన్న మాట నీ నోటి వెంట రాకూడదనడానికి కారణం మర్యాద ఒక్కటే అనుకోకు. అది నిజం కాకపోవచ్చు.

సత్తిబాబు మంచివాడే. కానీ కౌలుదారుకు తనదైన లెక్క ఉంటుంది. దిగుబడి తగ్గితే చెప్పుకోవడానికి గట్టు ఒక సాకు, కౌలు బస్తా తగ్గించమనడానికీ సాకే. ముందు అతనితో విడిగా మాట్లాడు. ఈ విషయం తేలేదాకా గట్టు మీద పార వెయ్యొద్దనీ, పెదనాన్న మనుషులతో నీళ్ళ దగ్గర మాట పెంచొద్దనీ చెప్పు. పెదనాన్న ఇంటికి మాత్రం అతన్ని తీసుకెళ్ళకు.

అల్లుడుగారిని కూడా మొదటిసారి వద్దు. ఆయనకు కోపం ఎక్కువని కాదు. అల్లుడు గడప తొక్కి అడిగాడంటే అది గట్టు మాటగా ఉండదు, రెండిళ్ళ పరువుగా మారిపోతుంది. నువ్వూ, తోడుకి మీ అమ్మా చాలు. పెద్దమ్మ కూడా వచ్చి అరుగు మీద కూర్చుంటే ఆ ఇంట్లో గొంతులు సగం తగ్గుతాయి.

వేళ ముఖ్యం. చేలో వద్దు, అక్కడ కూలీలు వింటారు. టీ కొట్టు దగ్గర, పెళ్ళిలో అసలే వద్దు. సాయంత్రం పొద్దుపోయాక వెళ్ళకు. పొద్దున పొలం చూసొచ్చి, టిఫిను చేసి పేపరు పట్టుకునే వేళ ఆయన ఇంట్లోనే పట్టుకో. ముందు రోజు ఫోన్ చేసి 'పెదనాన్నా, రేపు పొద్దున చూసి వెళ్దామని వస్తున్నాను' అను, విషయం ఫోన్లో చెప్పకు. ఫోన్లో మొదలైన తగాదా ఫోన్లోనే ముదురుతుంది. వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి అడగడం ఇంకా నష్టం, ఆ మెసేజీ ఆయన కొడుకు చూసి తండ్రికి ఏ గొంతుతో చదివి వినిపిస్తాడో మన చేతుల్లో లేదు.

కూర్చున్నాక ఆరోగ్యం అడుగు, మోకాళ్ళ నొప్పుల సంగతి అడుగు. అది నటన కాకూడదు. ఆ తరవాత దాపరికం లేకుండా విషయానికి రా. నేనైతే ఇలా మొదలుపెట్టమంటాను: 'పెదనాన్నా, మన రెండు చేల మధ్య గట్టు సన్నబడిందని సత్తిబాబు అంటున్నాడు. నేను చూడలేదు. పొలం సంగతులు నాకంటే మీకు బాగా తెలుసు. ఏం జరిగిందో మీ నోటే విందామని వచ్చాను.' ఇందులో నింద లేదు, అలాగని అబద్ధమూ లేదు. ఆ తరవాత నువ్వు మాట్లాడకు. ఆయన రెండు నిమిషాలు తిట్టినా, పాత సంగతులు తవ్వినా మధ్యలో అందుకోకు. 'అది కాదు పెదనాన్నా' అన్న మాట నాలుక మీదికి వస్తుంది. మింగెయ్.

వింటున్నప్పుడు గట్టు కాక ఇంకేం చెబుతున్నాడో పట్టుకో. నాకు తెలిసి ఆయన మనసులో మూడున్నాయి. ఒకటి, నీ తూము సరిగ్గా లేక నీ చేలో నీళ్ళు ఆయన మడిలోకి దిగుతున్నాయి, దాళ్వాలో, అంటే రబీ వరిలో, ఎరువు వేసిన మర్నాడే దిగితే ఆ ఎరువు కొట్టుకుపోయినట్టే. రెండు, గట్టు మీద మన కొబ్బరిచెట్ల నీడకు ఆయన వైపు రెండు సాళ్ళు ఎర్రబడుతున్నాయి. మూడోది ఆయన బయటికి చెప్పడు. ఆ పొలం అమ్మితే తనే కొనుక్కుందామని ఎప్పటి నుంచో ఆశ. నీకు రాసిచ్చేశాక, హైదరాబాదులో ఉండే పిల్ల ఎవరో బయటివాడికి అమ్మేస్తుందేమో, వాడు కంచె వేస్తే తన చేలోకి కోత మిషను వచ్చే దారి పోతుందేమో అన్న భయం. గట్టు చెక్కడంలో ఆ భయం కొంత ఉంది.

ఆయన చెప్పడం అయ్యాక ఆ మాటలే నీ నోటితో తిరిగి చెప్పు. 'అంటే నా తూము దగ్గర నీళ్ళు మీ ఎరువు పట్టుకుపోతున్నాయనేగా మీ బాధ?' ఆయన అవునన్నాడంటే సగం పని అయినట్టే. కాదని ఇంకేదో చెబితే ఇంకా మంచిది, అసలు సంగతి బయటికొచ్చింది. అప్పుడు ఇవ్వగలిగింది ఇవ్వు. తూము దగ్గర గొట్టం వేయించడం, చెట్ల మట్టలు కొట్టించడం నీకు పెద్ద ఖర్చు కాదు. దారి సంగతి కూడా చెప్పు: 'అమ్మే ఆలోచన లేదు, ఉంటే ముందు మీకే చెబుతాను.' ఇది నిజంగా చేసే ఉద్దేశం ఉంటేనే అను.

కానీ మొహమాటపడి 'పోనీలెండి, ఆ అడుగు మీరే ఉంచుకోండి' అనకు. ఆడపిల్లలు చాలామంది చేసేది ఇదే. ఏ అభ్యంతరమూ లేకుండా, ఇది నాదే అంటూ పన్నెండేళ్ళు బాహాటంగా అనుభవించినవాడు హక్కు అడగడానికి చట్టంలో దారి ఉంది. మెత్తగా మాట్లాడాలి, కానీ అభ్యంతరం మాత్రం పెట్టాలి. 'గట్టు పాత చోటే ఉండాలన్నది నా మాట, ఎక్కడో ఇద్దరం కలిసి కొలుచుకుందాం' అని స్పష్టంగా అని రా.

ఆయన గొంతు పెంచితే నువ్వు ఇంకా తగ్గించు. పెద్దమ్మను మంచినీళ్ళు అడుగు, ఆ కాస్త వ్యవధి చాలాసార్లు పనిచేస్తుంది. రానివ్వకూడని మాటలు వస్తే లేచి, 'మీరు పెద్దవారు, వీటికి నేను జవాబు చెప్పను. ఎల్లుండి మళ్ళీ వస్తాను' అని వచ్చెయ్. ఎల్లుండి తప్పకుండా వెళ్ళు. వెళ్ళకపోతే అలిగినట్టవుతుంది. ఫోన్‌లో రికార్డు చేయకు, తెలిస్తే ఇక ఏ మాటా నమ్మడు.

కొలత ఇప్పుడు కుదరదు, చేలో నీళ్ళున్నాయి. దాళ్వా కోతలై కాలువలకు నీళ్ళు ఆపేశాక, మళ్ళీ దుక్కి పడకముందే కొలవాలి. అప్పుడే పాత రాళ్ళు కనబడతాయి. ఎఫ్‌ఎంబీ పటం, అంటే సర్వే నంబరు హద్దుల కొలతలున్న పటం, నకలు తీయించు. పాత పటాల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి, వంద లింకులకు 66 అడుగులు. రీసర్వే పూర్తయిన చోట ల్యాండ్ పార్శిల్ మ్యాపు అని కొత్త కొలతల పటం ఉంటుంది, అదీ తీసుకో. గట్టు నుంచి కొలవడం మొదలుపెట్టకూడదు, జరిగింది గట్టే కదా. మూడు సర్వే నంబర్లు కలిసే చోటి రాయి నుంచి మొదలుపెట్టాలి. టేపు ఒక కొస ఆయన మనిషి, రెండో కొస నీ మనిషి పట్టుకోవాలి. టేపు వేలాడితే కొలత ఎక్కువ చూపిస్తుంది, బిగించి పట్టించు. రెండుసార్లు కొలిచి, తేడా అంగుళాల్లో ఉంటే పట్టించుకోకు.

ఇద్దరికీ నమ్మకం కుదరకపోతే ఎఫ్‌లైన్‌కు, అంటే ప్రభుత్వ సర్వేయరు వచ్చి హద్దు చూపించడానికి, దరఖాస్తు పెట్టి కొలిపించాలి. ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. దరఖాస్తు పెడితే పక్క రైతుకు నోటీసు వెళుతుంది. నీ మాట కంటే ముందు ఆ నోటీసు వెళితే అది ఆయనకు చెంపదెబ్బ. 'పెదనాన్నా, ఇద్దరికీ అనుమానం లేకుండా సర్వేయరును పిలుద్దాం, నోటీసు వస్తుంది, తప్పుగా అనుకోకండి' అని చెప్పాకే పెట్టు.

హద్దు తేలాక రాళ్ళు పాతించు, ఖర్చు సగం సగం. మొత్తం నేనే పెట్టుకుంటాననకు, సగం డబ్బు పెట్టినవాడు ఆ రాయిని తన రాయి అనుకుంటాడు. ఏ రాయి నుంచి ఏ రాయికి ఎన్ని అడుగులో తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు, ఇద్దరు సాక్షులు, తలో ప్రతి. నేల మాత్రం అటూ ఇటూ మార్చుకుంటే ఈ కాగితం చాలదు, రిజిస్ట్రేషన్ కావాలి.

ఇంతా చేసినా ఆయన కదలకపోతే మండల న్యాయసేవాధికార కమిటీకి అర్జీ పెడదాం. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు తీసుకుంటారు, ఫీజు ఉండదు, అక్కడ ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. 15100కు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు. అది కూడా ఆయనకు ముందుగా చెప్పే పెడదాం.

1బీ (భూమి హక్కుల రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) నకళ్ళు నా దగ్గరున్నాయి. ఎఫ్‌ఎంబీ నకలుకు దరఖాస్తు నువ్వు అక్కడి నుంచే పెట్టు, సర్వే నంబరు సబ్‌డివిజన్‌తో సహా రాయి. ఆదివారం తెల్లవారుజామున బస్సు దిగితే ఇంటికొచ్చి కాస్త నిద్రపో. నిద్ర లేని మొహంతో ఆ ఇంటికి వెళ్ళొద్దు.

ఆశీస్సులతో
నాన్న