కొండ దారిని వెడల్పు చేయకండి, మంత్రిగారూ

రోడ్లు, రవాణా శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

అడవిలోంచి కొండెక్కి అవతలి లోయలోకి దిగే మా పాత దారిని రెండింతలు వెడల్పు చేయిస్తామని మీరు ప్రకటించినప్పుడు సైకిలు తొక్కేవాళ్లలో కొందరు సంతోషపడ్డారు. అంచున సైకిళ్లకు తెల్లగీత గీయించి ఇస్తామని కూడా అన్నారు కదా, అందుకు. నాకు మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. పదిహేనేళ్లుగా ఆ దారి మీద తొక్కుతున్నవాణ్ణి. మాకు మేలు చేయాలనే మీరు అనుకున్నారు, అందులో నాకు అనుమానం లేదు. అందుకే చెప్పుకుంటున్నాను: మాకు ఆ గీత వద్దు. దారిని ఉన్న వెడల్పులోనే ఉంచి, దాని మీదుగా ఊరికే దాటిపోయే బండ్లను తగ్గించండి.

తెల్లవారి ఆరింటికి బయల్దేరితే ఒకప్పుడు మొదటి గంటలో ఎదురయ్యేవి రెండో మూడో బండ్లు. చెయిన్ చప్పుడు, ఊపిరి, ఎక్కడో కల్వర్టు కింద నీళ్లు. ఇంకేమీ వినపడేది కాదు. ఈ నిశ్శబ్దం గురించి చెబితే చాలామంది ఇదేదో కవిత్వం అనుకుంటారు. కారు నడిపేవారికి అద్దం ఎలాగో మాకు చెవులు అలాగ. వెనక వచ్చేది లారీనా కారా, రెండు మలుపుల కింద ఉందా ఒక్క మలుపు కిందే ఉందా, ఏ గేరులో ఎక్కుతోంది, ఇవన్నీ తల తిప్పకుండా చెప్పగలిగేవాణ్ణి. బండి తర్వాత బండి వస్తుంటే ఆ లెక్క అందదు. మోత ఒకటే మిగులుతుంది. అప్పుడు తొక్కడంలో సుఖం పోయి టెన్షన్ మొదలవుతుంది.

ఇన్ని బండ్లు ఎక్కడి నుంచి వచ్చాయంటే, కొండ మీద ఊళ్లేమీ పెరగలేదు. ఫోన్లో దారి చూపించే యాప్‌కు పెద్ద రోడ్డు కన్నా ఇది నాలుగు నిమిషాలు దగ్గరని తెలిసింది. అంతే. ఆ నాలుగు నిమిషాల కోసం వచ్చేవాళ్లకు కొండతో పని లేదు, అడవితో పని లేదు. కిటికీ అద్దం కూడా దించరు. మీరు వెడల్పు చేస్తే వాళ్లకు మిగిలే నాలుగు నిమిషాలు కాస్తా ఎనిమిదవుతాయి, బండ్లూ అదే లెక్కన పెరుగుతాయి. ఆపైన మీ ఇంజనీర్లే రద్దీ పెరిగింది, ఇంకా వెడల్పు కావాలి అని రాస్తారు.

వెడల్పు మాకెందుకు చేటో కొంచెం లెక్క చెబుతాను, విసుక్కోకండి. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుందాం. నూటికి ఎనిమిది చొప్పున ఎత్తు పెరిగే ఎక్కుడులో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికే దాదాపు 180 వాట్లు కావాలి. మామూలు మనిషి గంటసేపు అంత శక్తి పెట్టలేడు. కాబట్టి చాలామంది ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతోనే ఎక్కుతారు. అంత నెమ్మదిలో సైకిలు తిన్నగా పోదు, అటూ ఇటూ ఒక అడుగు తూలుతుంది. అదే దిగుడులో మేము కూడా నలభై, యాభై వేగంతో వస్తాం, కార్లతో సమానంగానే. అంటే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఎక్కేవైపు. గీతలు గీసే పథకాల్లో రెండు వైపులా సమానంగా పంచి ఇస్తారు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది గానీ కొండకు ఆ న్యాయం పనికిరాదు. ఎక్కడైనా ఒక మీటరున్నర చోటు మిగిలితే అదంతా ఎక్కేవైపే ఇవ్వండి. దిగేటప్పుడు మేము రోడ్డు మధ్యలోనే రావాలి, అంచున కంకర ఉంటుంది.

ఇక మలుపుల సంగతి. గంటకు 60 వేగంతో వచ్చే కారు, డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పట్టిందనుకున్నా, ఎండిన సమతలం మీద ఆగడానికి ముప్పై అయిదు మీటర్లు దాటుతుంది. 30 వేగంలో అయితే పదమూడు, పద్నాలుగు మీటర్లు చాలు. మా దారిలో చాలా మలుపుల దగ్గర ఇరవై అయిదు మీటర్ల అవతల ఏముందో కనపడదు, పక్కన బండ ఉంటుంది, లేదంటే చెట్టు మొదలు. ఇప్పుడు దారి ఇరుకు కాబట్టి కొత్తవాడైనా భయపడి నెమ్మదిస్తాడు. ఆ భయం తీసేయడానికే కదా వెడల్పు చేసేది. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో రోడ్డు భద్రత మీద జరిగిన ప్రపంచ మంత్రుల సదస్సు ప్రకటనలో, నడిచేవాళ్లూ సైకిళ్లూ బండ్లూ కలిసి తిరిగేచోట వేగం 30కి మించకూడదని రాసుకున్నారు. ఆ ప్రకటన మీ శాఖ బీరువాలో ఎక్కడో ఉండే ఉంటుంది.

జర్మనీలో 2020 నుంచి, ఊరి బయట సైకిలును దాటే కారు కనీసం 2 మీటర్ల ఎడం ఉంచాలని చట్టంలోనే ఉంది. ఫ్రాన్సులో, స్పెయిన్‌లో మీటరున్నర. మా దారి అయిదు మీటర్లు. సైకిలుకూ అంచుకూ మీటరు పోతే, ఎడం మీటరున్నర, కారు దాదాపు రెండు మీటర్లు. మొత్తం నాలుగున్నర అయిపోయింది. అంటే ఎదురుగా ఏమీ రానప్పుడే దాటాలి. వెడల్పు చేయమనడానికి దీన్నే కారణంగా చూపిస్తారు. నాకైతే ఇది బండ్లు తగ్గించమని చెప్పే లెక్కలా కనిపిస్తుంది. రోజుకు యాభై బండ్లే తిరిగే దారి మీద ఎదురుగా రానప్పుడు దాటడం ఎవరికీ కష్టం కాదు.

ఇదంతా నేను కలగన్నది కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2000 నాటి రవాణా చట్టం పల్లె సందుదారులను నిశ్శబ్ద దారులుగా ప్రకటించే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చింది. స్విట్జర్లాండ్‌లో గొట్టార్డ్ కొండ కింద రోడ్డు సొరంగం 1980లో తెరిచారు. తొందరున్నవాళ్లు సొరంగంలో పోతున్నారు, రాళ్లు పరిచిన పాత మెలికల దారి తొందర లేనివాళ్లకు, సైకిళ్లకు మిగిలింది. ఇటలీలో స్టెల్వియో కనుమకు ఒక వైపే 48 మెలికలు. అంత పేరున్న దారిని కూడా ఏడాదికి ఒక రోజు బండ్లకు మూసేసి సైకిళ్లకు వదులుతారు. అమెరికాలో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ అనే అడవి కొండల జాతీయ పార్కులో కేడ్స్ కోవ్ అని పదకొండు మైళ్ల చుట్టుదారి ఉంది. 2020 నుంచి వేసవి నెలల్లో బుధవారం పొద్దంతా అక్కడ మోటారు బండి కనపడదు.

నాకు వీటన్నిటిలో ఎక్కువ నచ్చింది గొట్టార్డ్ కథే. అక్కడ ఎవరి దారీ ఎవరూ లాక్కోలేదు. మనకూ సొరంగం కావాలని అడగడం లేదు లెండి, కొండ చుట్టూ మీ పెద్ద రోడ్డు ఉండనే ఉంది.

అందుకే అడిగేది ఒక గేటు. దారి నడుమ, ఊళ్లేవీ లేని అడవి భాగంలో, ఒక్క గేటు. ఇటువైపు ఊళ్లకు ఇటు నుంచి, అటువైపు ఊళ్లకు అటు నుంచి బండ్లు ఎప్పటిలాగే వెళ్తాయి. ఎవరి ఇంటి ముందుకూ కారు రాకుండా పోదు. కాకపోతే ఇటు ఎక్కి అటు దిగి నాలుగు నిమిషాలు మిగుల్చుకోవడం కుదరదు. సైకిలు, నడిచే మనిషి గేటు పక్క సందులోంచి పోతారు. అంబులెన్సుకు, అగ్నిమాపక బండికి, బస్సుకు, అటవీ సిబ్బందికి తాళం చెవి ఉండాలి. మొదట వారానికి రెండు రోజులు వేసి చూడండి. కొండ ఊళ్లవాళ్లు ఇబ్బంది అంటే తీసేయండి, నేను మళ్లీ ఉత్తరం రాయను. వాళ్లను అడగకుండా మాత్రం వేయకండి. మేము ఆదివారాలు వచ్చిపోయేవాళ్లం, వాళ్లు అక్కడే ఉండేవాళ్లు. నేను మాట్లాడినంతవరకు పిల్లల్ని రోడ్డు దాటించడానికి భయపడుతున్నామని చెప్పినవాళ్లే ఎక్కువ.

ఇంకొకటి. ఇప్పుడు రెండు వైపుల చెట్ల కొమ్మలూ దారి మీద కలుసుకుంటున్నాయి. కోతులూ ఉడతలూ కింద కాలు పెట్టకుండా ఆ కొమ్మల మీదే దాటతాయి. మిట్టమధ్యాహ్నం కూడా తారు మీద నీడ ఉంటుంది. వెడల్పు చేస్తే మొదట పోయేది ఆ పందిరి. నరికిన వాటికి బదులు మొక్కలు నాటిస్తామంటారు. నాటించినా అవి మళ్లీ ఒకదానికొకటి అందుకునేసరికి నాకు సైకిలెక్కే వయసు దాటిపోతుంది.

గేటు వేశారే అనుకోండి, దయచేసి ప్రారంభోత్సవం పెట్టకండి. సైకిల్ పండగ, మైకులు, ముందు జీపు వెనక జీపు, మధ్యలో మూడు వందల మంది ఒకే రంగు చొక్కాల్లో... ఆ ఒక్క పూటకు అడవి ఏడాది మోత భరిస్తుంది. మా వాళ్లలోనూ తప్పులున్నాయి. సైకిలుకు స్పీకరు కట్టుకుని తొక్కేవాళ్లున్నారు. చప్పుడు లేకుండా దిగుడులో దూసుకొచ్చి, దారి దాటే జంతువును మేమే బెదరగొట్టిన సందర్భాలూ ఉన్నాయి. కనుచీకటి వేళల్లో సైకిళ్లకు కూడా ఆ భాగం మూసేస్తామంటే నేను ఒప్పుకుంటాను. కొందరు నన్ను తిడతారు, తిట్టనివ్వండి.

చివరిగా నా సొంత గోడు. రెండేళ్ల కింద ఒక గుంతకు అతుకు వేసి, మిగిలిన సన్నకంకర మలుపులోనే వదిలేశారు. దిగుడులో ముందు చక్రం జారి పడ్డాను. మోచెయ్యి చర్మం లేచిపోయింది, ఎదురుగా ఏ బండీ రాకపోవడం వల్ల బతికాను. కారుకు ఆ కంకర లెక్కలోది కాదు, టైర్ల కింద పటపటమంటుంది, అంతే. వేలెడు వెడల్పు టైరుకు అది గోళీలు పరిచినట్టే. సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు రాశాను. మూడోసారి, దారి ఎలాగూ వెడల్పు చేయబోతున్నాం కాబట్టి ఇప్పుడు ఏ పనీ చేపట్టలేమని జవాబు వచ్చింది.

వెడల్పు చేసే ఫైలు మీద మీరు నిర్ణయం తీసుకునేలోపు, ఆ మలుపులో ఎవరిచేతనైనా ఒకసారి ఊడ్పించండి. పై నుంచి దిగుతుంటే మూడో మెలిక, ఎడమ పక్క.

ఇట్లు,
ఆ దారి మీద సైకిలు తొక్కే ఒక పౌరుడు