కృష్ణుణ్నీ శిలువెక్కించారు!

సంపాదకుడికి,

ఎవరైనా రాస్తారేమోనని ఇన్నాళ్లు ఆగాను. ఎవరూ రాయలేదు.

క్రిస్మస్ ముందు వచ్చిన ఆదివారం అనుబంధంలో, ఏసు కథంతా రోమన్లు కొలిచిన మిత్రాస్, ఈజిప్టు దేవుడు హోరస్, మన కృష్ణుడు, వీళ్ల కథలకు నకలేనని రెండు పేజీలు నింపారు. అందరూ కన్యలకే పుట్టారట, అందరి పుట్టినరోజూ డిసెంబర్ 25 అట, అందర్నీ శిలువ వేశారట. మిగతావాళ్ల సంగతి సరే, కృష్ణుణ్ని శిలువ వేశారన్న ముక్క తెలుగు పేపర్లో ఎలా అచ్చయింది? దేవకికి ఎనిమిదో కాన్పు, శ్రావణ బహుళ అష్టమి, ఆఖరికి పాదానికి తగిలిన బోయవాడి బాణం. హరికథలు విన్న ఏ ముసలమ్మని అడిగినా చెబుతుంది. మీ డెస్కులో అడిగే నాథుడే లేడా? కృష్ణుడి శిలువ ముచ్చట 1875లో కెర్సీ గ్రేవ్స్ అనే అమెరికన్ వేసిన పుస్తకంలో ఉంది. అది వాట్సాప్‌లో తిరిగి తిరిగి మీ దగ్గర తేలినట్టుంది.

హోరస్ తల్లి ఐసిస్ కన్య కాదు. ముక్కలైన భర్త ఒసిరిస్ శరీరాన్ని కూర్చుకున్నాకే ఆమె గర్భం దాల్చిందని ఈజిప్టు కథ. మిత్రాస్ రాతిలోంచి పుట్టాడు. రాయి కన్యే అంటారా, ఇక నేను చెప్పేదేముంది! డిసెంబర్ 25 సువార్తల్లో లేదు. క్రీ.శ. 354 నాటి ఒకే రోమన్ సంకలనంలో రోమన్ల దేవుడు అజేయ సూర్యుడి పుట్టినరోజూ, క్రీస్తు జననమూ ఆ తేదీకే ఉన్నాయి. ఎవరు ఎవర్ని చూసి పెట్టుకున్నారని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మీ వ్యాసకర్త ఒక్క వాక్యంలో తేల్చి పారేశారు.

అలాగని అసలు పోలికలే లేవని పాస్టర్లు చెబితే అదీ ఒప్పుకోను. ‘మేం చెప్పేది మీ దేవుడు జూపిటర్ కొడుకుల కథలకంటే కొత్తేం కాదు’ అని రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవుడే రోమన్లకు రాశాడు. మిత్రాస్ భక్తుల రొట్టె, నీళ్ల తంతు మాత్రం ‘దయ్యాలు మమ్మల్ని చూసి చేయించిన కాపీ’ అన్నాడు! వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కింది ఒక సమాధిలో, క్రీస్తుదని చాలామంది భావించే బొమ్మ సూర్యుడిలా తల చుట్టూ కిరణాలతో రథమెక్కి ఉంటుంది. రాయాల్సిన సరుకు ఇదీ. ఒక్క ముక్కా రాయలేదు.

చూసి రాద్దామన్నా పుస్తకాలు ఎక్కడ దొరుకుతున్నాయి లెండి. మా ఊరి గ్రంథాలయంలో చరిత్ర బీరువాకి తాళం, తాళంచెవి ఉన్నాయనకు బదిలీ. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మాత్రం ఠంచనుగా గుంజుతారు. ఒకప్పుడు మీ పేపర్లో అచ్చుతప్పుకి కూడా మర్నాడు సవరణ పడేది. ఇప్పుడు ఏకంగా దేవుణ్ని శిలువెక్కించినా ఉలుకూ పలుకూ లేదు.

కనీసం కృష్ణుడి వరకైనా సవరణ వేయండి. సినిమా పేజీలో ఓ మూలనైనా సరే.

– ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా