దూకే ముందు లెక్క

చిట్టీ,

లీగ్ ఆఫ్ లెజెండ్స్ వీడియో గేమ్‌లో నువ్వు జెడ్ అనే పాత్రతో ఆడిన రీప్లేలు చూశాను. చేతి వేగానికి వంక పెట్టేదేం లేదు. దూకే వేళే కుదరడం లేదు.

జెడ్‌లాంటి అస్సాసిన్ (చటుక్కున దూకి చంపే పాత్ర) బలమంతా రెండు మూడు సెకన్లే. అంతలో అవతలివాడు చావకపోతే, స్కిల్స్ అన్నీ కూల్‌డౌన్‌లో (మళ్లీ వాడేదాకా ఆగాల్సిన సమయంలో) పడి వాళ్ల ఐదుగురి మధ్య చిక్కేది నువ్వే. అందుకే ఫైట్ మొదలవగానే దూకకు, అది దెబ్బలు తట్టుకునే ట్యాంక్ పని. వాళ్ల వార్డు (నిఘా కన్ను) లేని పొదలో ఆగి, కదలనీయకుండా చేసే వాళ్ల స్టన్‌లన్నీ మీ ట్యాంక్ మీద ఖర్చయ్యేదాకా చూడు. చాట్‌లో మీవాళ్లు తిడితే తిట్టనీ.

చంపడానికి మేజ్‌ని (మంత్రాలతో కొట్టేవాణ్ణి) ఎంచుకుంటే ముందు ట్యాబ్ నొక్కి, జోన్యాస్ అవర్‌గ్లాస్ అనే ఐటమ్ కొన్నాడేమో చూడు. నీ అల్టిమేట్ (అన్నిటికన్నా పెద్ద స్కిల్) వాడిమీద వేసే గుర్తు పేలడానికి 3 సెకన్లు పడుతుంది. అవర్‌గ్లాస్ 2.5 సెకన్లు వాణ్ణి ఏ దెబ్బా తగలని బంగారు బొమ్మను చేస్తుంది. గుర్తు పేలేలోపు వాడది నొక్కాడా, నీ అల్టిమేట్ గంగలో కలిసినట్టే. ముందు నీ నీడ (నీలాగే కొట్టే నకలు), విసిరే షురికెన్లతోనే భయపెట్టి దాన్ని వాడించు, అల్టిమేట్ తర్వాత. వాళ్ల ఫ్లాష్‌నీ (చటుక్కున కాస్త దూరం జరిగిపోయే స్పెల్) ఇలాగే లెక్కపెట్టు: ఆట గడియారంలో 12:40కి వాడితే మామూలుగా 17:40 దాకా రాదు. అయోనియన్ బూట్లు వేసుకుంటే మాత్రం ఇంకాస్త ముందే వస్తుంది.

కాంబో నీకు తెలిసిందే: అల్టిమేట్, నీడ, ఈ (E) మీట, క్యూ (Q) మీట, ఒక మామూలు దెబ్బ. తేడా కొట్టేది క్యూ, అంటే షురికెన్ దగ్గర. షురికెన్ మొదట ఎవరికి తగిలితే వాళ్లకే పూర్తి దెబ్బ. మధ్యలో ఒక్క మినియన్ (ఆటే పంపే చిన్న సైనికుడు) ఉన్నా వెనకవాడికి తగ్గిపోతుంది. మినియన్ల వరుస వెనక నుంచి కాకుండా పక్క నుంచి విసురు.

అల్టిమేట్ ఎక్కడ నొక్కితే అక్కడే నీ తిరుగుదారి నీడ మిగులుతుంది. వాళ్ల సపోర్ట్ (జట్టుకి సాయపడే ఆటగాడు) ముందే నిలబడి నొక్కుతున్నావు, తిరిగొచ్చేసరికి వాడు కాచుకునే ఉంటున్నాడు! గోడ అవతల నుంచి నొక్కు.

ట్యాంక్ జోలికి మాత్రం పోకు. ఆర్మర్ (కవచం) 100 ఉంటే దెబ్బలో సగమే తగులుతుంది. నీ లెథాలిటీ (అవతలివాడి ఆర్మర్‌లోంచి తీసేసే అంకె) 20 అనుకుందాం. 50 ఆర్మర్ ఉన్న ఏడీసీకి (దూరం నుంచి కొట్టేవాడికి) నూటికి 67 తగిలేది 77 అవుతుంది. 200 ఉన్న ట్యాంక్‌కి 33 కాస్తా 36, అంతే. అదే డబ్బు, అదే ఐటమ్.

ఆరో లెవెల్ రాగానే, అల్టిమేట్ వచ్చింది కదా అని పక్క లేన్‌కి (దారికి) పరుగెత్తకు. ముందు నీ మినియన్లను వాళ్ల టవర్ కిందికి తోసి వెళ్లు. లేకపోతే అక్కడ ఒక కిల్ దొరికేలోపు ఇక్కడ నీ ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు), బంగారం, ఒక్కోసారి టవర్ కూడా పోతాయి.

ఈసారి ఆడాక, నువ్వు చచ్చిన ప్రతిచోటా రీప్లే ఆపి ఆ క్షణాన వాళ్లలో ఎవరెవరి ఫ్లాష్, ఎవరెవరి స్టన్ మిగిలున్నాయో రాసి పంపు.

అమ్మ