కేస్లాపూర్‌లో కొత్త కోడళ్ల ముఖాల మీదికి ఫోన్లా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్నటి పుష్య అమావాస్యకు ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో గోండుల నాగదేవుడు నాగోబా జాతరకు వెళ్లాను. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నేను, జగిత్యాలలోనే ఉండి కూడా ఆ గుడి మెట్లు ఎక్కడం ఇదే మొదటిసారి. ముత్నూరు దగ్గర బస్సు దిగేసరికి ఇగం కొరుకుతోంది. మర్రిచెట్ల కింద, నాగోబాను కులదైవంగా కొలిచే గోండుల మెస్రం వంశం వాళ్లు మంటలు వేసుకుని కూర్చున్నారు. నాగోబా అభిషేకానికి కావలసిన గోదావరి నీళ్లను జన్నారం వైపు హస్తినమడుగు నుంచి చెప్పుల్లేకుండా నడిచి తెచ్చినవాళ్లు వాళ్లు. ఎన్ని వందల మంది వచ్చినా మెస్రం వాళ్ల వంట ఇరవై రెండు పొయ్యిల మీదే. ఆ పద్ధతి ఇప్పటికీ తప్పలేదు.

మహాపూజ అయ్యాక భేటింగ్ మొదలైంది. ఆ వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికి పరిచయం చేసే ఘట్టం అది. అది జరిగితేనే కోడలు మెస్రం ఇంటిదవుతుంది. తెల్లచీరల్లో, ముసుగు వేసుకుని, పెద్దవాళ్ల వెంట వరుసగా వస్తున్నారు. మాలాగా చూడ్డానికొచ్చినవాళ్లు ఒక్కసారిగా ముందుకు తోసుకుపోయారు. ఒకాయన ఫోను లైటు వేసి ముసుగు కిందికి పెట్టాడు. పిల్ల పక్కకు తిరిగిపోయింది. నా పక్కనున్న ముసలమ్మ, "దేవుని ముందటికి మొదటిసారి వస్తున్నది బిడ్డా, భయపడుతున్నది" అంది. నేనూ అంతకుముందే ఒక ఫొటో తీశాను. అక్కడే తుడిచేశాను.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, గోండుల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. పట్నానికి రాని ఆదివాసుల గోడు అధికారులే వచ్చి వినాలని 1942లో ఈ జాతరలో దర్బారు పెట్టించింది ఆయనే. ఇప్పటికీ దర్బారు రోజు కలెక్టరు, మంత్రులు వచ్చి అర్జీలు తీసుకుంటారు. భేటింగ్ సమయంలో బయటివాళ్లు ఎక్కడ నిలబడాలో, ఏది ఫొటో తీయకూడదో మెస్రం పెద్దలనే అడిగి, ఆ మాటను గోండిలో, తెలుగులో, మరాఠీలో మైకులో చెప్పించాలని అధికారులను కోరుతున్నాను. కొత్త గుడిని సొంత చందాలతో కట్టుకున్న వంశం అది. అక్కడ ఏది తగునో వాళ్లకన్నా తెలిసినవాళ్లు లేరు.

మీకూ ఒక విన్నపం. కోడళ్ల ముఖాలు దగ్గరగా కనిపించే ఫొటోలు వేయకండి. జాతరకు వారం ముందే ఏ పూజ ఎందుకో నాలుగు ముక్కలు అచ్చేయండి, మాలాంటివాళ్లం తెలుసుకుని వెళ్తాం. వచ్చే పుష్యమాసంలో మా వీధి నుంచి నలుగురు నా వెంట వస్తామన్నారు. ఫోన్లు సంచుల్లోంచి తీయబోమని వాళ్ల దగ్గర ముందే మాట తీసుకున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
జగిత్యాల