వార్షిక నివేదిక: ఈ ఏడాది కమిట్ సందేశాల గొడవ

గౌరవ సభ్యులకు నమస్కారం.

కంప్యూటర్లో తెలుగు కోసం పదకోశం, కీబోర్డ్, ఫాంట్ల పని చేసే మన సంఘం పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా చేసింది ఇది. నెలవారీ సమావేశాలు ఎప్పటిలాగే మారతహళ్లిలో జరిగాయి. వానలప్పుడు మాత్రం అవుటర్ రింగ్ రోడ్డు పుణ్యమా అని ఆన్‌లైన్‌కి మారాయి. ఫాంట్ల పని మనుషులు లేక నెమ్మదించింది. మిగతాదంతా కమిట్ సందేశాల మీద వాదనలే. ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రామ్ గిట్; అందులో దాచిన ఒక్కో మార్పు కమిట్; దానితోపాటు ఏం, ఎందుకు మార్చామో రాసే మాటలే సందేశం.

వాటికి మూలం మన స్పెల్‌చెక్ పదకోశం. ‘బస్’, ‘ఆఫీస్’ లాంటి పదాల చివర, పొల్లు తర్వాత, కొన్నిచోట్ల జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంది, కొన్నిచోట్ల లేదు. ‘లో’ చేరినప్పుడు ఒత్తు పడకుండా ‘బస్‌లో’ అని నిలబెట్టేది అదే. పదం చివర ఉంటే మాత్రం కంటికి కనపడదు. కంప్యూటర్‌కి మాత్రం గుర్తు ఉన్నది ఒక పదం, లేనిది ఇంకో పదం. ఒకటి వెతికితే రెండోది దొరకదు. అందుకని ఒక సభ్యుడు ఆ గుర్తులన్నీ తీసేసి ‘ఫిక్స్’ అని రాశారు. దాంతో ‘లో’, ‘కి’ చేరిన రూపాలు చెడిపోయాయని మరొకరు అన్నీ తిరిగి పెట్టి ‘క్లీనప్’ అని రాశారు. ఇద్దరి కారణాలూ న్యాయమైనవే, కానీ ఎవరూ రాయలేదు. తర్వాత చూసినవాళ్లకు పాత వరుస ఎర్రగా, కొత్త వరుస పచ్చగా, రెండింట్లోనూ అవే అక్షరాలు! ఏ వరుసను ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్ ఆదేశం పేరూ తేదీ చెప్పింది గానీ ఎందుకో చెప్పలేదు. ఒక ఆదివారమంతా ఫోన్లతోనే సరిపోయింది. మామూలు ప్రోగ్రామ్ అయితే కోడ్ చదివి ఎంతోకొంత ఊహించవచ్చు. మన పనిలో మార్పే కనపడదు కాబట్టి సందేశమే దిక్కు.

చివరికి ఒప్పుకున్న పద్ధతి గిట్ వాడేవాళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే: పైన 50 అక్షరాల లోపు శీర్షిక, ఒక ఖాళీ వరుస, కింద వరుసకు 72 అక్షరాలు మించకుండా కారణం. ఖాళీ వరుస వదలకపోతే గిట్ ఆ పేరా మొత్తాన్నీ శీర్షికగా తీసుకుంటుంది. తెలుగులో 50 త్వరగా నిండిపోతుంది. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్లు వాడే యూనికోడ్ లెక్కలో ఆరు. అందుకే మన రిపాజిటరీల్లో (ఫైళ్లూ వాటి చరిత్రా ఉండే చోట్లలో) 50 సలహా మాత్రమే. బయటి ప్రాజెక్టులకు ఇంగ్లీషులోనే రాద్దాం, అక్కడి నియమమే మన నియమం. ఇప్పుడు పదకోశంలో ఉన్న సందేశం ఇదీ:

పదాంతపు నాన్‌జాయినర్ తొలగింపు

‘బస్’ అని వెతికితే గుర్తు ఉన్న రూపం దొరకడం లేదు. మూలపదంలో గుర్తు తీసేసి, ప్రత్యయం చేరేటప్పుడు నియమాల ఫైల్ నుంచి పెడుతున్నాం. మూలపదంలో మళ్లీ పెట్టవద్దు.

ఎక్కువ మంది ఎదురుతిరిగింది ‘ఒక కమిట్‌లో ఒకే మార్పు’ అన్నదానికి. అంత ఓపిక ఎవరికుంది అన్నారు. కమిట్లను సగానికి సగం చేస్తూ తప్పును వెతికే గిట్ బైసెక్ట్ చూపించాక కొందరు మెత్తబడ్డారు. వెయ్యి కమిట్లలో తప్పు ఎక్కడ పుట్టిందో సుమారు పది పరీక్షల్లో తేలుతుంది. అయితే దొరికిన కమిట్‌లో పదకోశం, కీబోర్డ్, ఫాంట్ అన్నీ కలిపి ఉంటే వెతుకులాట మళ్లీ మొదటికే. ఇంకా ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. రివ్యూలో వెనక్కి పంపుతూనే ఉంటాం.

పాత ‘ఫిక్స్’లన్నీ దిద్దమని కొందరు అడిగారు. దిద్దం. సందేశం మారిస్తే ఆ కమిట్ హ్యాష్ (గిట్ ఇచ్చే గుర్తింపు సంఖ్య), దాని మీద వచ్చిన కమిట్లన్నిటి హ్యాష్‌లూ మారిపోతాయి, అందరి కాపీలతో తగువు. పుష్ చేయకముందైతే, అంటే అందరికీ పంపకముందైతే, చివరి కమిట్ సందేశాన్ని అమెండ్ చేసుకోవచ్చు (దిద్దుకోవచ్చు).

బయటి ప్రాజెక్టులకు మార్పులుగా పంపిన ప్యాచ్‌లలో ఒకటి ‘సైన్డ్ ఆఫ్ బై’ వరుస లేక తిరిగొచ్చింది. లినక్స్ కెర్నెల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ప్రాజెక్టు 2004 నుంచి అడుగుతున్న వరుస అది, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని హామీ. గిట్ కమిట్‌కి మైనస్ ఎస్ (-s) చేరిస్తే చాలు.

జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు. రివ్యూ బృందానికి కొత్తవాళ్లు కావాలి. తెలుగు బాగా తెలిసి కోడ్ రానివాళ్లయినా ఫర్వాలేదు. చందా బాకీ ఉన్నవాళ్లు ఆ సమావేశం లోపు కట్టగలరు.

– కార్యదర్శి, బెంగళూరు